పేగు శస్త్రచికిత్స తర్వాత మలవిసర్జనపై అదుపు

పేగులో కొంత భాగం తీసేసి మిగిలిన కొసలను కలిపి కుట్టాక చాలామందికి మలవిసర్జన మీద మునుపటి పట్టు ఉండదు. ఒక్కసారిగా తోసుకొస్తుంది. వెళ్లొచ్చిన పావుగంటకే మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. గ్యాస్ వదిలితే వెంట తడి వస్తుంది. కొందరికి నిద్రలో తెలియకుండానే బట్టలు పాడవుతాయి. పెద్దపేగు, పురీషనాళం క్యాన్సర్లు, అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి, పేగు క్షయ, పేగు మెలిపడి కుళ్లడం, ఇలా కారణం ఏదైనా పేగు కోయక తప్పనిచోట ఈ ఇబ్బంది రావచ్చు. మలద్వారానికి ఆనుకుని పైన ఉండే పురీషనాళాన్ని తీసినవారిలో ఇది మరీ ఎక్కువ. వారిలో కనిపించే ఈ లక్షణాలన్నిటినీ కలిపి వైద్యులు ‘లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్’ అన్నారు. ఆసుపత్రుల్లో పొట్టిగా ‘లార్స్’ అంటారు. ఈ ఆపరేషన్‌లో మలద్వారం నిలుపుకున్నవారిలో దాదాపు 40 శాతం మందికి ఇది తీవ్రస్థాయిలో ఉంటుందని 2018లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ లెక్కగట్టింది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఆపుకోవడం వెనుక పనితనం

మనం తాగేది రోజుకు రెండు లీటర్లయినా చిన్నపేగులోకి చేరే ద్రవం సుమారు 9 లీటర్లు. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు తానే ఊరించుకునే రసం అన్నీ కలిస్తే అంత అవుతుంది. అందులో చాలా భాగాన్ని చిన్నపేగే పీల్చుకుని లీటరున్నర దాకా పెద్దపేగుకు పంపుతుంది. పెద్దపేగు దాన్ని కూడా ఇంకించుకుని, మలంలో 100 నుంచి 200 మి.లీ. నీటిని మాత్రమే మిగులుస్తుంది. ఆపరేషన్ తర్వాత మలం ఎంత పలచబడుతుందన్నది ఎక్కడ, ఎంత పేగు తీశారన్న దాన్నిబట్టి ఉంటుంది.

గట్టిపడిన మలం పెద్దపేగు ఎడమభాగంలో ఆగి, అక్కణ్ణుంచి పురీషనాళంలోకి దిగుతుంది. పురీషనాళం 12 నుంచి 15 సెం.మీ. పొడవున్న సాగే సంచి. నిండుతున్నకొద్దీ సాగుతుందే తప్ప లోపలి ఒత్తిడిని పెద్దగా పెరగనివ్వదు. పొద్దున వచ్చిన సూచనను పక్కన పెట్టి ఆఫీసుకు వెళ్లిపోగలగడం ఆ సాగుడు గుణం వల్లే. దాని కింద మలద్వార నాళం చుట్టూ రెండు కండర వలయాలున్నాయి. లోపలిది మన మాట వినదు. మనం నిద్రపోతున్నా బిగిసే ఉంటుంది, మామూలు వేళల్లో ద్వారం మూసి ఉంచే పని ఎక్కువగా దానిదే. బయటి వలయాన్ని మనం బిగించగలం, కానీ పూర్తి బలంతో నిమిషానికి మించి నిలపలేం. వీటికి పైన ప్యుబోరెక్టాలిస్ అనే కండరం పురీషనాళాన్ని వెనక నుంచి చుట్టి ముందుకు లాగి అక్కడొక మడత పెడుతుంది. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ మడత విప్పుకుంటుంది.

వీటన్నిటికంటే చిత్రమైన పని ఇంకొకటి రోజంతా జరుగుతూ ఉంటుంది. గాలో మలమో పురీషనాళంలోకి దిగగానే లోపలి వలయం కొన్ని క్షణాలు సడలుతుంది. పైన ఉన్నదాంట్లో కొద్దిగా కిందికి జారి, నాళం పైభాగంలోని పొరను తాకుతుంది. అక్కడ నరాల కొసలు దట్టంగా ఉంటాయి. వచ్చింది గాలా, నీళ్లా, గట్టి మలమా అన్నది అక్కడే తేలుతుంది. ఆ కాసేపూ బయటి వలయం బిగిసి కాపలా కాస్తుంది. పదిమందిలో కూర్చుని ధైర్యంగా గ్యాస్ వదలగలుగుతున్నామంటే ఈ పరీక్ష ముందే అయిపోయింది కాబట్టి. ఆ పరీక్ష దెబ్బతిన్న మనిషికి గ్యాస్ కూడా భయమే. అనుమానం వచ్చిన ప్రతిసారీ లేచి బాత్రూమ్‌కు పరుగెత్తాల్సిందే.

పురీషనాళం తీసేశాక దాని స్థానంలోకి పైనున్న పెద్దపేగును కిందికి లాగి మలద్వారం దగ్గర కలుపుతారు. ఆ పేగుకు అంత సాగుడు లేదు. కొంచెం నిండగానే ముడుచుకుని తోస్తుంది. కోతలో కొన్ని నరాలు తెగుతాయి, కలిపే పరికరం లోపలికి పంపేటప్పుడు లోపలి వలయం సాగి బలహీనపడవచ్చు. పెద్దపేగు కింది కొసలో మలాన్ని వెనక్కి నెట్టి ఆపే కదలికలు కూడా దెబ్బతినవచ్చు. రేడియేషన్ తీసుకున్నవారిలో (పల్లెల్లో ‘కరెంటు పెట్టించుకోవడం’ అనేది ఇదే) కండరం, పేగు గట్టిబారి సాగుడు మరింత తగ్గుతుంది. ఇన్నిటిలో ప్రధానమైన నష్టం మాత్రం నిల్వ చోటుదే. తాళం చాలావరకు బాగానే ఉంది, గాదె పోయింది. రోగి, ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి వైద్యులు కూడా తాళం గురించే ఆలోచించి దాన్ని బిగించే దారులు వెతుకుతుంటారు.

మలద్వారాన్ని నిలబెట్టిన ఆపరేషన్లు

1908లో లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ పురీషనాళాన్ని, మలద్వారాన్ని మొత్తంగా తీసేసి పొట్ట మీద శాశ్వత ద్వారం పెట్టే ఆపరేషన్‌ను ప్రకటించాడు. దశాబ్దాల పాటు అదే ప్రమాణం. ప్రాణం దక్కేది, జీవితాంతం ఆ ద్వారానికి మలం పట్టే బ్యాగు ఉండేది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో క్లాడ్ డిక్సన్ 1948లో తన అనుభవాన్ని ప్రచురించి, గడ్డ కాస్త ఎత్తులో ఉంటే మలద్వారాన్ని ఉంచేసి పేగును మళ్లీ కలపవచ్చని చూపించాడు. ‘యాంటీరియర్ రిసెక్షన్’ అంటే ఇదే. 1970లలో గుండ్రని స్టేప్లర్లు వచ్చాక చేయి అందనంత లోతులో కూడా పేగు కలపడం తేలికైంది. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో బిల్ హీల్డ్ 1982లో పురీషనాళాన్ని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చెక్కుచెదరకుండా తీసే పద్ధతిని వివరించాడు. దాంతో అక్కడే గడ్డ తిరగబెట్టడం బాగా తగ్గింది. గడ్డకు కింద 5 సెం.మీ. మంచి పేగును కూడా తీసెయ్యాలన్న పాత నియమం రెండు సెంటీమీటర్లకు, కొన్నిచోట్ల ఒకటికి దిగింది.

ఇలా బ్యాగు తప్పినవారి సంఖ్య పెరిగినకొద్దీ లార్స్ ఉన్నవారి సంఖ్యా పెరిగింది. క్యాన్సర్ తిరగబెట్టిందా, బ్యాగు తప్పిందా అన్న రెండు ప్రశ్నలతోనే సర్జన్లు చాలాకాలం విజయాన్ని కొలిచారు. మిగిలిన పేగుతో ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందన్నది మూడో ప్రశ్న కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పురీషనాళం కాక వేరే భాగం తీసినప్పుడు కథ వేరు. చిన్నపేగు చివరి భాగం, పెద్దపేగు కుడి భాగం తీస్తే అక్కడ పీల్చుకోవాల్సిన పైత్య లవణాలు పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు తెస్తాయి. మలద్వారం పూర్తి ఆరోగ్యంగా ఉన్నా ఆపుకోవడం కష్టమవుతుంది. చివరి చిన్నపేగు 60 సెం.మీ.కు మించి పోతే బీ12 విటమిన్ ఇంజెక్షన్లు అవసరం పడవచ్చు. అల్సరేటివ్ కొలైటిస్‌కు పెద్దపేగు, పురీషనాళం మొత్తం తీసి చిన్నపేగుతోనే లోపల సంచి కుట్టే పద్ధతిని లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికోల్స్ 1978లో ప్రకటించారు. రెండేళ్లకు జపాన్‌లో ఉత్సునోమియా దానికి ఇప్పుడు వాడుకలో ఉన్న ‘జె’ ఆకారం ఇచ్చాడు. ఈ సంచి ఉన్నవారు స్థిరపడ్డాక కూడా రోజుకు 4 నుంచి 8 సార్లు వెళ్తారు. అది జబ్బు కాదు, ఆ ఏర్పాటు అంతే. ఉన్నట్టుండి సంఖ్య పెరిగి, కడుపు నొప్పి, జ్వరం తోడైతే సంచి వాచిందని అనుమానించాలి. యాంటీబయాటిక్స్‌తో సాధారణంగా తగ్గుతుంది.

ఎన్నిసార్లు అన్న ప్రశ్న

డెన్మార్క్‌లో కత్రీన్ ఎమర్ట్‌సెన్, సోరెన్ లౌర్‌బెర్గ్ 2012లో లార్స్‌ను కొలిచే ఐదు ప్రశ్నల పట్టిక తయారుచేశారు. ప్రతి జవాబుకూ కొన్ని మార్కులు, మొత్తం 42. 20 వరకు వస్తే లార్స్ లేనట్టు, 21 నుంచి 29 వరకు స్వల్పం, 30, ఆపైన తీవ్రం. ఏ లక్షణం రోగి జీవితాన్ని ఎంత పాడుచేస్తోందో అడిగి తెలుసుకుని దాన్నిబట్టి ఆ మార్కులు వేశారు. అందుకే ఆ అంకెలను కాస్త ఆగి చూడాలి. గ్యాస్ ఆగకపోవడానికి గరిష్ఠంగా 7. నీళ్ల మలం కారడానికి 3. గంటలోపే మళ్లీ మళ్లీ వెళ్లాల్సి రావడానికి 11. పరుగెత్తాల్సినంత అర్జంటుగా రావడానికి 16. రోజుకు ఏడుసార్లకు మించి వెళ్లేవారికి పడేవి నాలుగే మార్కులు. రోజుకు ఒక్కసారి కూడా వెళ్లలేనివారికి ఐదు.

ఓపీలో డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న ‘‘రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు?’’ అని. ‘‘అయిదారుసార్లండీ’’ అంటే ‘‘ఆపరేషన్ అయింది కదా, అంతే ఉంటుంది’’ అని చీటీ రాసేస్తారు. ఆ అయిదారు సార్లు రోజంతా సర్దుకుని వస్తున్నాయా, పొద్దున ఆరుకు మొదలై ఎనిమిదిన్నర దాకా బాత్రూమ్ గడప దాటనివ్వకుండా ఒక్క దెబ్బన వస్తున్నాయా అన్నది ఆ జవాబులో లేదు. రెండో మనిషి ఉద్యోగం మానేస్తాడు, మొదటి మనిషి మానడు. చెప్పేవారు కూడా సంఖ్యకు బదులు రెండు విషయాలు చెప్పగలిగితే మందు మారుతుంది: సూచన వచ్చాక ఎన్ని నిమిషాలు ఆగగలుగుతున్నారు, ఒకసారి మొదలైతే ఎన్ని విడతల్లో పూర్తవుతోంది. వారం రోజులు ఒక కాగితం మీద వెళ్లిన వేళ, తిన్నది, మలం తీరు రాసుకెళ్తే ఇంకా మేలు. మలం తీరు చెప్పడానికి 1997లో బ్రిస్టల్‌లో రూపొందించిన ఏడు బొమ్మల పట్టిక పనికొస్తుంది: ఒకటి గట్టి ఉండలు, ఏడు పూర్తి నీళ్లు, మధ్యలో మూడు, నాలుగు ఆరోగ్యం.

2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం, రోగులను కూడా కూర్చోబెట్టుకుని, నిర్వచనాన్ని మార్చింది. లక్షణం ఉంటే సరిపోదు. దానివల్ల జీవితంలో ఏదో ఒకటి దెబ్బతినాలి. బాత్రూమ్‌ను వదిలి పోలేకపోవడం, ఎప్పుడూ అదే ధ్యాస, ఇంటి బాధ్యతలు, దాంపత్యం, ఉద్యోగం, ఇవన్నీ ఆ జాబితాలో చేరాయి.

ఎంతకాలం

మలద్వారానికి బాగా దగ్గరగా పేగు కలిపినప్పుడు ఆ అతుకు మానేదాకా చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి తాత్కాలికంగా బ్యాగు పెడతారు. కొన్ని నెలలకు, కీమో ఉంటే అది అయ్యాక, దాన్ని మూసేస్తారు. అసలు కష్టం మొదలయ్యేది అప్పుడు. బ్యాగు తీసేస్తే అన్నీ పాతలాగే అయిపోతాయన్న ఆశతో ఇంటికి వెళ్లిన మనిషికి మొదటి వారాల్లో రోజుకు పది, పదిహేనుసార్లు వెళ్లాల్సి రావడం పిడుగుపాటే. నెలల తరబడి పని లేని పేగు, కండరం మళ్లీ పనిలోకి దిగడానికి వ్యవధి కావాలి. మెరుగుదల ఎక్కువగా మొదటి ఏడాదిలో కనిపిస్తుంది, రెండో ఏడాదికి నెమ్మదిస్తుంది. ఆ తర్వాత మిగిలిన ఇబ్బంది దానంతట అది పోవడం అరుదు. గడ్డ బాగా కింద ఉండటం, రేడియేషన్, అతుకు దగ్గర లీకు కావడం, తాత్కాలిక బ్యాగు ఎక్కువకాలం ఉండటం, ఇవి ఉన్నవారికి ఇబ్బంది ఎక్కువ. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పడం చికిత్సలో భాగమే. చెప్పని చోట రోగి తన శరీరమే మోసం చేసిందనుకుంటాడు.

తిండి

భోజనం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం సహజం. ఆపరేషన్ అయినవారిలో ఆ కదలిక నేరుగా మలద్వారం దాకా వస్తుంది. అందుకే ఒకేసారి కంచం నిండా తినకుండా కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు, రోజూ అదే వేళకు తినమంటారు. రాత్రి భోజనం ఏడింటికల్లా ముగిస్తే నిద్ర మధ్యలో లేవడం తగ్గుతుంది.

మొదటి వారాల్లో మెత్తటి అన్నం, పెరుగు, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, పలుచటి పెసరకట్టు, గుడ్డు చాలామందికి పడతాయి. తెల్లన్నం, అరటిపండు మలాన్ని చిక్కబరుస్తాయి. తెలుగు వంటింట్లో మొదటి ముద్దాయి కారం. మిరపలోని క్యాప్సైసిన్ పేగులో పూర్తిగా ఇంకిపోదు. మలంతో పాటు దిగి, నోటిలో మంట పుట్టించిన అదే రకం గ్రాహకాలను మలద్వారం దగ్గర కూడా తట్టి లేపుతుంది. గుంటూరు కారానికి అలవాటుపడిన నోరు ఒప్పుకోకపోయినా కొంతకాలం మిరియాలతో సరిపెట్టుకోవడం మంచిది. కాఫీ కొందరిలో తాగిన కొద్ది నిమిషాలకే పెద్దపేగును కదిలిస్తుంది. ఇది ఒక్కోసారి మేలు కూడా: పొద్దున ఇంట్లో ఉన్నప్పుడే కాఫీ తాగి, విడతలన్నీ అయిపోయాకే బయల్దేరే పద్ధతిని చాలామంది సొంతంగా కనిపెట్టుకుంటారు. పాలు పడని పెద్దవాళ్లు మన ప్రాంతంలో ఎక్కువే. వారికి పెరుగు, మజ్జిగ సాధారణంగా ఇబ్బంది చేయవు. చక్కెర లేదని అమ్మే బిళ్లల్లో, చూయింగ్ గమ్‌లలో వాడే సార్బిటాల్ విరేచనకారి. మధుమేహం ఉన్నవారు అది గమనించుకోవాలి.

పప్పు, క్యాబేజీ, ఉల్లి, చిక్కుడు గ్యాస్‌కు పేరుపడ్డవి. ఇవన్నీ జీవితాంతం మానెయ్యమనడం మాత్రం తప్పు. ఒక్కోటి తిరిగి మొదలుపెట్టి మూడు రోజులు చూసి, పడితే ఉంచుకోవాలి. బయటికి వెళ్లే రోజు అన్నం మానేసి కడుపు మాడ్చుకోవడం విస్తారంగా కనిపించే అలవాటు. దానివల్ల నీరసం వస్తుంది, మరునాడు పేగు ఇంకా గతి తప్పుతుంది.

తాత్కాలిక బ్యాగు చిన్నపేగుకు పెట్టినవారు మరో సంగతి తెలుసుకోవాలి. బ్యాగులో రోజుకు లీటరున్నర దాటి వస్తుంటే మంచినీళ్లు ఎక్కువ తాగడం దాహాన్ని తీర్చదు, పైగా ఉప్పును ఇంకా కడిగేస్తుంది. ఓఆర్ఎస్ తాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. ఓఆర్ఎస్ పేరు పోలిన పండ్ల రుచుల డబ్బాల్లో చక్కెర ఎక్కువ. అవి విరేచనాలను పెంచగలవు.

మందులు

లోపెరమైడ్ 2 మి.గ్రా. మాత్ర ఇందులో ముఖ్యమైనది. పేగు కదలికను నెమ్మదిపరిచి నీరు ఇంకడానికి వ్యవధి ఇస్తుంది, లోపలి వలయపు బిగువును కూడా కొంచెం పెంచుతుంది. విరేచనం అయ్యాక వేసుకోవడం జనం అలవాటు. ఇక్కడ మాత్రం భోజనానికి అరగంట ముందు వేసుకుంటేనే ఫలితం, ఎందుకంటే తిన్నాక వచ్చే కదలికను ముందుగానే పట్టుకోవాలి. కొందరికి సగం మాత్ర చాలు, కొందరికి రోజుకు నాలుగైదు కావాలి; మోతాదు వైద్యులతో కలిసి మెల్లగా సర్దుకోవాలి. రోజుకు 16 మి.గ్రా. దాటకూడదు, అతిగా మింగితే గుండె లయ తప్పుతుంది. జ్వరం, రక్త విరేచనాలు ఉన్నప్పుడు వాడకూడదు.

ఇసబ్గోల్‌ను మలబద్ధకానికి పెద్ద గ్లాసు నీళ్లతో తాగడం అందరికీ తెలుసు. పలచటి మలాన్ని చిక్కబరచడానికి దాన్నే తిరగేసి వాడతారు: ఒక చెంచా పొట్టును పెరుగులో కలిపి తినేసి, వెంటనే నీళ్లు తాగకుండా ఉండాలి. పొట్టు పేగులోని నీటిని పట్టుకుని మలానికి ఒక రూపం ఇస్తుంది. పేగు అతుకు ఇరుకైనవారికి ఇది అడ్డుపడే ప్రమాదం ఉంది కాబట్టి సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. పైత్య లవణాల వల్ల వచ్చే విరేచనాలకు కొలెస్టైరమిన్ పొడి పనిచేస్తుంది, కానీ మిగతా మందులను కూడా అది పట్టేసుకుంటుంది. వాటిని గంట ముందో, నాలుగు గంటల తర్వాతో వేసుకోవాలి.

ఒక తికమకను ఇక్కడే చెప్పాలి. కొందరిలో పైన గట్టి మలం పేరుకుపోయి, దాని పక్క నుంచి నీళ్లు కారుతుంటాయి. చూడ్డానికి విరేచనాలే. లోపెరమైడ్ ఇస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది. కారడంతో పాటు పొట్ట ఉబ్బరం, పూర్తిగా కాలేదన్న భావన ఉంటే ముందు పరీక్ష చేయించుకోవాలి.

కండరాల సాధన, తొందరను దాటేయడం

అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నల్డ్ కెగెల్ 1948లో ప్రచారంలోకి తెచ్చిన కటి కండరాల వ్యాయామమే దీనికీ ఆధారం. గ్యాస్ రాకుండా ఆపుకుంటున్నట్టు మలద్వారాన్ని లోపలికి, పైకి బిగించాలి. పిరుదులు, తొడలు, పొట్ట కదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఐదు నుంచి పది సెకన్లు నిలిపి, అంతసేపే వదిలి, పదిసార్లు. రోజుకు మూడు దఫాలు. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. బ్యాగు మూసే ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టినవారు ఆ మూడు నెలలను కలిసొచ్చేలా చేసుకున్నట్టే. చాలామంది బిగించడానికి బదులు కిందికి ముక్కుతుంటారు. నేర్పగల ఫిజియోథెరపిస్టు ఒక్కసారి చూస్తే ఆ పొరపాటు తెలిసిపోతుంది. తెరమీద తమ బిగువును తామే చూసుకుంటూ నేర్చుకునే బయోఫీడ్‌బ్యాక్ కూడా ఉంది.

తొందర వచ్చినప్పుడు పరుగెత్తడం సహజం, కానీ పరుగులో పొట్ట కండరాలు బిగిసి పేగును ఇంకా నొక్కుతాయి. ఉన్నచోటే ఆగాలి. వీలుంటే కుర్చీ అంచున కూర్చోవాలి, లేదంటే కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడాలి. గబగబా ఐదారుసార్లు బిగించి వదలాలి, నెమ్మదిగా ఊపిరి తీసుకోవాలి. పేగు కదలిక అలగా వస్తుంది. అరనిమిషంలోనో నిమిషంలోనో దాని పొంగు తగ్గుతుంది. తగ్గినప్పుడు నడిచి వెళ్లాలి. మొదట బాత్రూమ్ తలుపు ముందు నిలబడి ఒక నిమిషం, రోజులు గడిచాక మంచం దగ్గర నుంచి ఐదు నిమిషాలు, ఇలా దూరం, వ్యవధి పెంచుకుంటూ పోతారు. వ్యాయామంలో బలం పెరగడం కంటే, ఆపగలనన్న నమ్మకం తిరిగి రావడమే ఎక్కువమందిని బయటికి తెస్తుందని నా అభిప్రాయం.

చర్మం

రోజుకు పదిసార్లు తుడిచినా, కడిగినా చర్మం పచ్చిపుండవుతుంది. చిన్నపేగు నుంచి వచ్చే మలంలో జీర్ణరసాలు ఉంటాయి కాబట్టి అది చర్మాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. నీళ్లతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ వరం. కాగితం రాపిడి కంటే గోరువెచ్చని నీళ్లు ఎంతో నయం. ప్రతిసారీ సబ్బు రుద్దకూడదు. బకెట్‌లో యాంటీసెప్టిక్ ద్రావణం కలపడం చాలా ఇళ్లలో ఉంది, అది చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది. కడిగాక మెత్తటి పాత నూలుగుడ్డతో అద్దాలి, తుడవకూడదు. వాడివాడి మెత్తబడ్డ పంచె, చీర ముక్కలు ఇందుకు ఏ కొన్న వస్తువుకూ తీసిపోవు, ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. పూర్తిగా ఆరాక జింక్ ఆక్సైడ్ లేపనాన్నో పెట్రోలియం జెల్లీనో పలుచగా రాయాలి. పౌడరు చల్లితే తడికి ఉండకట్టి ఒరుసుకుంటుంది. దురదతో పాటు ఎర్రటి చిన్న పొక్కులు లేస్తే అది ఫంగస్. దానికి వేరే మందుంది.

స్వల్పంగా కారేవారికి పెద్ద డైపర్ అక్కర్లేదు. పిరుదుల మధ్య మడిచి పెట్టుకునే చిన్న దూది ప్యాడ్ చాలు. తడి అయినప్పుడల్లా మార్చాలి.

ఇల్లు, గుడి, ప్రయాణం

ఒకే బాత్రూమ్ ఉన్న ఇంట్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా దాన్ని ఒక్కరే పట్టుకుంటే మిగతావాళ్లకు బడి, ఆఫీసు ఆలస్యమవుతాయి. ఆ గొడవ భయంతో రోగి మధ్యలో లేచి వచ్చేస్తాడు, పది నిమిషాలకు మళ్లీ తలుపు తడతాడు. నేలబారు లెట్రిన్ అయితే పొట్ట కోసిన మనిషికి అన్నిసార్లు గొంతుక్కూర్చుని లేవడం కష్టం. గోడకు ఒక పట్టుకడ్డీ బిగించినా, కమోడ్ కుర్చీ వేసినా తేడా కనిపిస్తుంది. కమోడ్ మీద కూర్చునేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుని ముందుకు వంగితే విసర్జన త్వరగా పూర్తవుతుంది.

మడి పాటించే ఇళ్లలో పెద్దవాళ్లు ఈ జబ్బు వచ్చాక పూజ గదిలోకి వెళ్లడం మానేస్తారు, శుభకార్యాలకు వెళ్లరు, కారణం కూడా చెప్పరు. ఇస్లామీయ ధర్మశాస్త్రం ఇలా ఆపుకోలేని స్థితిలో ఉన్నవారికి ఒక్కో నమాజు వేళకు ఒకసారి వజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చేసుకుంటే సరిపోతుందని సడలింపు ఇచ్చింది. మడి విషయంలో అలాంటి మాట ఇంట్లోవాళ్లే చొరవ తీసుకుని చెప్పాలి. రోగి తనంతట తాను అడగడు.

ప్రయాణానికి బస్సు కంటే రైలు నయం, బాత్రూమ్ పెట్టెలోనే ఉంటుంది. బస్సు తప్పనిసరైతే భోజనానికి కాక బయల్దేరడానికి అరగంట ముందు లోపెరమైడ్ వేసుకోవడం చాలామంది పాటించే ఉపాయం. సంచిలో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, ప్యాడ్లు, లేపనం, మూత బిగిసే కవరు ఉంటే ధైర్యంగా ఉంటుంది. బ్రిటన్‌లో తాళం వేసి ఉంచే వికలాంగుల బాత్రూమ్‌లను తెరవడానికి 1981 నుంచి ఒకే రకం తాళంచెవి పథకం నడుస్తోంది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2005లో, పేగు జబ్బులున్నవారు అడిగితే దుకాణాలు తమ సిబ్బంది బాత్రూమ్‌ను వాడుకోనివ్వాలని చట్టం చేసింది. అక్కడ ఉంటున్న తెలుగువారు ఈ సౌకర్యాలను అడిగి తీసుకోవచ్చు.

కటి ప్రాంతపు నరాలు దెబ్బతింటే పురుషుల్లో అంగస్తంభన లోపం, స్త్రీలలో యోని పొడిబారడం, ఇద్దరిలోనూ మూత్రం ఇబ్బందులు ఉండవచ్చు. వీటికీ చికిత్సలున్నాయి.

వీటితో లొంగనప్పుడు

మలద్వారం గుండా గోరువెచ్చటి నీళ్లు పంపి పేగు కింది భాగాన్ని ఒకేసారి ఖాళీ చేసే పద్ధతి, లార్స్‌కు మందులు చాలనప్పుడు చేసే చికిత్సల్లో బాగా పనిచేసేది. కమోడ్ మీద కూర్చుని, కొసన శంకువు లేదా చిన్న బుడగ ఉన్న గొట్టంతో అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు నెమ్మదిగా ఎక్కిస్తారు. తీసేశాక నీళ్లతో పాటు మలం దిగిపోతుంది. అంతా కలిపి అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఆ తర్వాత ఒక రోజు, కొందరికి రెండు రోజులు పేగు నిశ్శబ్దంగా ఉంటుంది. నిల్వ చోటు పోయిన లోటును ముందే ఖాళీ చేసి పూడ్చడం ఇది. పెళ్లికో పరీక్షకో వెళ్లాల్సిన మనిషి చేతికి గడియారం తిరిగి వస్తుంది. పేగు చిల్లు పడే ప్రమాదం తక్కువే కానీ ఉంది కాబట్టి శిక్షణ పొందిన నర్సు దగ్గర నేర్చుకున్నాకే ఇంట్లో చేయాలి. కొత్త అతుకు పూర్తిగా మానకముందు చేయకూడదు.

త్రికాస్థి నరాలకు సన్నటి తీగతో విద్యుత్ ప్రేరణ ఇచ్చే పద్ధతిని మలవిసర్జన అదుపు కోసం వాడి జర్మనీ సర్జన్ క్లాస్ మాట్జెల్ బృందం 1995లో ప్రచురించింది. ముందు కొన్ని వారాలు తాత్కాలికంగా పరీక్షించి, గుణం కనిపిస్తేనే పిరుదు పైన చర్మం కింద బ్యాటరీ అమరుస్తారు. ఖర్చు చాలా ఎక్కువ. చీలమండ దగ్గరి నరానికి వారానికోసారి సూదితో ప్రేరణ ఇవ్వడం దానికి చౌకైన రూపం, ఫలితం కూడా ఆ మేరకే.

ఇంట్లో సర్దుకుంటూ కూర్చోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. జ్వరం, పొట్ట ఉబ్బి వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం, మలంలో రక్తం, మూత్రం బాగా తగ్గి తల తిరగడం, కుదుటపడిన పేగు నెలల తర్వాత ఉన్నట్టుండి మళ్లీ గతి తప్పడం. మొదటి నాలుగూ అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి, కళ్లు తిరిగేంత నీరసం కూడా అంతే. చివరిది క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడాల్సిన సూచన.

రెండేళ్లు దాటి, పై చికిత్సలన్నీ చూశాక కూడా మనిషి ఇల్లు దాటలేకపోతుంటే శాశ్వత బ్యాగు గురించి మాట్లాడాలి. బ్యాగు తప్పించుకోవడానికే ఇంత పడ్డాం కదా అని రోగులు, ఓడిపోయినట్టు ఉంటుందని సర్జన్లు ఆ మాట ఎత్తరు. పెద్దపేగు చివరి భాగంతో పెట్టే శాశ్వత ద్వారం నుంచి వచ్చేది దాదాపు గట్టి మలమే. అంటుకునే బ్యాగును మొదట 1950లలో డెన్మార్క్ నర్సు ఎలిసె సోరెన్సెన్, ఆపరేషన్ అయ్యాక బయటికి రావడానికి సిగ్గుపడ్డ తన చెల్లెలి కోసమే ఊహించింది. ఈ ద్వారం గుండా రోజు విడిచి రోజు నీళ్లెక్కించి ఖాళీ చేసుకోవడం నేర్చుకున్నవారు మధ్యకాలంలో బ్యాగు కూడా లేకుండా చిన్న మూత పెట్టుకుని తిరుగుతారు.